దేవదూత ఎత్తు

“అమ్మా, ఫ్లెక్సీ మీద ఫొటో ఉన్న సారు ఇల్లు ఇదేనా?”

అల్వాల్‌లోని ఆ ఇంటి గేటు పట్టుకుని అడిగాడొకతను. మాసిన చొక్కా నిండా ఉల్లిపొట్టు. వెనక ట్రాలీ ఆటో.

ప్రేమమణి తలమీద కొంగు సర్దుకుంది. లోపల షామియానా కింద కృతజ్ఞతా కూడికలో పాటలు అయిపోవచ్చాయి. తర్వాత, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పే తన సాక్ష్యమే.

“ఇదే. ఏం కావాలి?”

“సారు మంచిగైండా? జెర ఒక్కసారి సూసి పోత.”

బిర్యానీ వాసన వీధి చివరిదాకా పోయిందన్నమాట, అనుకుంది.

“ప్రార్థనలో ఉన్నారు. భోజనాలకింకా టైముంది. అక్కడే ఉండు.”

“ఉంటనమ్మా. తొందరేం లేదు.”

ఏడాది కిందట బోయిన్‌పల్లి మార్కెట్లో గుండెపోటుతో పడిపోయిన ఆమె భర్త దయాకర్‌ను ఎవరో ఆసుపత్రిలో చేర్చి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. వచ్చినవాడు దేవదూతేనని ప్రేమమణి ఆరోజే తేల్చేసింది.

మొదటి సాక్ష్యంలో దేవదూతది మామూలు ఎత్తే. క్రిస్మస్ నాటికి ఆరడుగులయ్యాడు. ఇవాళ ఏడు దాటించాలని ఆమె అనుకోలేదు. నోరే దాటించింది.

“తెల్లని వస్త్రాలు! ముఖం నిండా వెలుగు! రక్షణ దేవునిది, మహిమంతా దేవునికే!”

“ఆమెన్!” అన్నారందరూ.

ఆమె వచ్చి పక్కన కూర్చోగానే దయాకర్ గొణిగాడు. “మహిమ ఆయనదే మణీ. నన్నెత్తిన చేతులు మాత్రం మనిషివే. గరుగ్గా ఉన్నాయి.”

“దేవదూతల చేతులు మీరెప్పుడు పట్టి చూశారు?”

ఆయన నవ్వలేదు. ప్రతి శనివారం మార్కెట్‌కు పోయి, కనబడిన వాళ్ళందరినీ అడిగి వస్తాడు. “ఆ చేతులు ఒక్కసారైనా పట్టుకోకుండానే పోతానేమోనని నా భయం.”

ప్రేమమణి గేటువైపు చూసింది. అక్కడ అతను తన చొక్కా వంక చూసుకుంటూ ఉల్లిపొట్టు దులుపుకుంటున్నాడు. ఇప్పటికి సిగ్గేసింది కాబోలు.

“డోరా, ఆ గేటు దగ్గరతనికి పొట్లం కట్టిచ్చి పంపెయ్,” అంది ఆడపడుచుతో.

డోరా తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో రెండు పొట్లాలున్నాయి. ఒకటి బిర్యానీ. రెండోది పాత పేపరుది.

“బిర్యానీ వద్దన్నాడు వదినా. ‘సారు కూసుండుడు సూసిన, సాలు’ అన్నాడు. పేరడిగితే చెప్పలేదు. ‘అమ్మ చెప్పినాయనే మంచిగున్నడు, అట్లనే ఉండనియ్’ అని నవ్వుకుంటూ బండెక్కి పోయాడు.”

“నేను చెప్పినాయన ఎవరే?”

“ఆరోజు ఆసుపత్రికి తీసుకుపోతుంటే తన ఆటోలోనే ఉండిపోయిందట,” అంటూ డోరా విప్పిన పేపర్లోంచి దయాకర్ ఎడమకాలి చెప్పు జారి ప్రేమమణి ఒళ్ళో పడింది.