తిన్నగా నిలబడిన స్టీరింగ్

దెబ్బ పెద్దదేం కాదు.

మలుపులో సరుకుల వ్యాన్ ఎదురొచ్చింది. ఆమె కంగారులో పక్కకు తిప్పింది. కారు ఎడమ ముందు చక్రం వ్యాన్ వెనక చక్రాన్ని గుద్దుకుని ఆగింది.

వ్యాన్ డ్రైవరు దిగి చూశాడు. "గీత కూడా పడలేదు మేడమ్. అదృష్టవంతులు!" అని వెళ్ళిపోయాడు.

నిజమే, రంగు చెక్కుచెదరలేదు. కానీ కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ మాత్రం గోడకు వంకరగా వేలాడే ఫోటోలా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

ఆమె తాళంచెవి వంక చూసింది.

లైసెన్సు వచ్చి మూడు నెలలు. తాళంచెవి చేతికిచ్చిన రోజు భర్త నవ్వుతూనే అన్నాడు: "చిన్న దెబ్బ తగిలిందా, ఇది మళ్ళీ నా జేబులోకే." ఆయన నవ్వుతూ అన్న మాట ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు.

సాయంత్రం ఆరింటికి ఆయన ఇదే స్టీరింగ్ పట్టుకుంటాడు. ఈలోగా, మూడున్నరకు, వంతెన దాటి వెళ్ళి బడి నుంచి పాపనీ, పక్కింటి పిల్లలిద్దరినీ తేవాలి.

ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న రిపేరు షెడ్డుకు కారు పోనిచ్చింది.

"కింద చూడాలి మేడమ్. వదిలిపెట్టి వెళ్ళండి, రేపిస్తాను" అన్నాడు మెకానిక్.

"రేపా? ఆరింటికల్లా ఇది తిన్నగా ఉండాలి. కింద సంగతి తర్వాత చూద్దాం."

"స్టీరింగ్ ఒక్కటేనా?"

"అదొక్కటే."

మెకానిక్ తల గోక్కున్నాడు. "అయితే పావుగంట పని."

"చెయ్యకు."

గొంతు మూలనుంచి వచ్చింది. నేలమీద ఒక చిరిగిన కారు సీటు. దానిమీద, ఒళ్ళో గుడ్డసంచీతో ఒక ముసలాయన. అక్కడ మనిషి ఉన్నాడనే ఆమె అనుకోలేదు.

ఆయన లేచి వచ్చి ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పిల్లల నుదురు మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు టైరు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఈ బండి ఎక్కకు తల్లీ."

"ఏం?"

"చక్రానికి దెబ్బ తగిలిందని స్టీరింగ్ చెబుతోంది. దాని నోరు మూయించకు."

మెకానిక్ ఇబ్బందిగా నవ్వాడు. "పట్టించుకోకండి మేడమ్. ఈయనకు షెడ్డుకొచ్చిన ప్రతి బండీ పేషెంటే. మొన్న కొత్త టైరును కూడా మంచమెక్కించాడు."

ఆమె నవ్వింది. ముసలాయన నవ్వలేదు. వెనక సీటులోని గులాబీరంగు నీళ్ళసీసా వంక రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"పిల్లలెంతమంది?"

ఆమె వెనక అద్దానికి అడ్డంగా జరిగింది. "మీకెందుకు?"

మెకానిక్ స్టీరింగ్ విప్పాడు. చక్రాల జోలికి పోకుండా, దాన్ని ఇరుసు పళ్ళ మీద ఒక గాడి పక్కకు జరిపి మళ్ళీ బిగించాడు. ఇప్పుడది తూచినట్టు తిన్నగా నిలబడింది.

ఇరుకు వీధిలో మెల్లగా బయలుదేరింది. అద్దంలో చూస్తే ముసలాయన భుజాన సంచీతో వెనకాలే నడిచి వస్తున్నాడు.

ఆమె మలుపు తిరిగింది. ఆయనా తిరిగాడు.

గేటులోకి పోనిచ్చి కారు ఆపి, పైకి పరిగెత్తి తలుపు గడియ వేసుకుంది. పరదా సందులోంచి చూసింది. వీధిలో ఎవరూ లేరు.

మూడింటికి కిందికి దిగింది. ఎడమ ముందు టైరు నేలకు కరుచుకుపోయి ఉంది. టైరు గాలిమూత బానెట్ మీద, పోకుండా జాగ్రత్తగా పెట్టి ఉంది.

"ఎవరో పెద్దాయన వచ్చి టైరు దగ్గర కూర్చున్నాడమ్మా. మీరు పిలిపించారేమో అనుకున్నా" అన్నాడు వాచ్‌మన్.

అయితే ఇల్లు తెలుసుకున్నాడన్నమాట!

టాక్సీలో వెళ్ళి పిల్లల్ని తెచ్చుకుంది. ముగ్గురినీ లోపల కూర్చోబెట్టి, గడియ రెండుసార్లు చూసుకుని, షెడ్డుకు ఫోన్ చేసింది.

"మీ ముసలాయన నా టైరులో గాలి తీసేశాడు. పిల్లల్ని టాక్సీలో తెచ్చుకోవాల్సి వచ్చింది. రేపు ఆ మనిషి అక్కడ కనిపిస్తే పోలీసులకు చెబుతాను!"

"చెబుతాను మేడమ్" అన్నాడు మెకానిక్.

ఆరింటికి వచ్చిన భర్తకు పంక్చర్ అని మాత్రం చెప్పింది. ఆయన చొక్కా చేతులు మడుచుకుని జాకీ పెట్టాడు. "పంక్చరైతే నీ తప్పేముందిలే. ఈసారికి తాళంచెవి నీదే."

టైరు విప్పబోయి చక్రాన్ని గట్టిగా లాగాడు.

చక్రం విరిగిన మణికట్టులా పక్కకు వాలిపోయింది. వెనకనుంచి ఒక ఇనప కడ్డీ ఊడి, ఖంగుమని నేలకు తగిలి వేలాడింది.

ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది.

"చక్రాన్ని స్టీరింగుతో కలిపే కడ్డీ ఇది. ఎక్కడో దెబ్బ తగిలి చీలింది. వంతెన మీద గానీ ఊడి ఉంటే..."

పై కిటికీలోంచి పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి.

ఆమె జరిగిందంతా చెప్పేసింది. ఆయన తాళంచెవి మాట ఎత్తనేలేదు. తిట్టి ఉంటే ఆమెకు ఇంత భయం వేసేది కాదు.

తెల్లవారగానే షెడ్డుకు పరిగెత్తింది. మూల సీటు ఖాళీగా ఉంది.

"ఆ పెద్దాయన ఏరీ?"

"మీరు ఫోన్ చేశారని చెప్పాను మేడమ్. 'పిల్లల్ని ఎందులో తెచ్చుకుంది?' అని ఒక్కటే అడిగారు. టాక్సీలో అన్నాను. హమ్మయ్య అని సంచీ భుజాన వేసుకున్నారు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. నిన్నటినుంచీ వెతుకుతూనే ఉన్నాను."

"అసలు ఎవరాయన?"

మెకానిక్ చేతిలోని రెంచీని తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. అయినా మళ్ళీ తుడిచాడు.

"ఈ షెడ్డు ఆయనదే మేడమ్. గాడి జరిపి స్టీరింగ్ తిన్నగా పెట్టడం నాకు నేర్పిందీ ఆయనే. ఆఖరిసారి అలా తిన్నగా పెట్టి ఆయన పంపించింది సొంత కూతుర్నే, ఆ అమ్మాయి ఇంటికి చేరలేదు."