సీలు పడిన కోడి

“ఆ చెయ్యి వెనక్కి తియ్యండి అత్తయ్యా!”

మూత మీదికి వెళ్లిన అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని బాబూ...”

“అక్కర్లేదు. ఇది స్లో కుక్కరు, కరెంటు మీద రోజంతా సన్నగా ఉడికిస్తుంది. మూత తీసినప్పుడల్లా లోపలి వేడంతా పారిపోతుంది. కోడి ఉడకదు. కోడి ఉడక్కపోతే మీరు గెలుస్తారు. అదేగా మీ ఎత్తు?”

అల్లుడు మూత బిగించాడు. అత్తగారు మూతి బిగించింది.

పందెం వేసింది ఆవిడే. కొత్తగా కొన్న ఆ కుక్కరు డబ్బాలో అల్లుడు వండిన మీగడ కోడిని ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తింటే వంటిల్లు అతనిదే, ఇక రోజూ అతనే వండుకోవచ్చు. తినలేకపోతే డబ్బా రేపే కొట్టుకి వాపసు, అతను మళ్లీ వంటింటి గుమ్మం తొక్కకూడదు. తీర్పు చెప్పేది కూడా ఆవిడే. పోటీదారే జడ్జీ అయితే అనుమానం ఎవరికైనా వస్తుంది. అల్లుడికి వేరే రానక్కర్లేదు, అది అతనికి ఉద్యోగంతోపాటే వచ్చింది. కరెంటు మీటర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు మరి! ఆఫీసులో అతని ముద్దుపేరు సీల్‌సింహం. మనిషికి శీలం ఎంతో మీటరుకి సీలు అంత అని అతని సిద్ధాంతం. ఇంట్లో బిస్కెట్ల డబ్బాకి కూడా సీలు వేస్తాడు. అయినా బిస్కెట్లు తరిగిపోతూనే ఉంటాయి. చీమల మీద అతనికి గట్టి అనుమానం.

“మాటల్తో పని కాదు,” అంటూ తోలుసంచీ తెరిచాడు.

“ఏవండీ, కూరకి సీలేంటండీ? ఎవరైనా వింటే నవ్విపోతారు!” అంది భార్య.

“నవ్వనీ. నమ్మకం వేరు, నిఘా వేరు.”

ఏళ్ల తరబడి అలవాటైన చేతులు కదా, చెప్పకుండానే పనిలోకి దిగిపోయాయి. స్విచ్ ఆపాయి, మూత పిడిలోంచి కుక్కరు పిడిలోకి తీగ దూర్చాయి, ఎర్ర ప్లాస్టిక్ బిళ్లని ‘టక్’మని నొక్కాయి. అతను ఒకసారి లాగి చూశాడు. ఉక్కుముక్కలా ఉంది.

“ఇప్పుడు చూడండి మీ ఉప్పు!” అని అత్తగారికి చెప్పి, చెప్పులేసుకున్నాడు. అతని కూతురు తలలో పిన్ను సర్దుకుంటూ టాటా చెప్పింది. అందులో కూడా ఏదో తేడా కనిపించింది అతనికి.

ఆ రోజు ఎన్ని మీటర్లు చూశాడో గానీ, మనసు మాత్రం వంటింట్లోనే గిర్రున తిరుగుతోంది. మధ్యాహ్నం ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

“మీ అమ్మ ఎక్కడుంది?”

“ఎక్కడుంటుందండీ? ఇంట్లోనే!” అంది భార్య.

“ఇల్లంటే ఏ గది?” అంటుండగానే ఫోన్లోంచి ‘కుయ్’మని వినిపించింది. “ఏంటా విజిలు?”

“అదా... టీవీలో ఫుట్‌బాల్ అండీ. రెఫరీ.”

“మీ అమ్మ ఫుట్‌బాల్ చూస్తుందా?”

“గోల్ పడితే గోల కూడా చేస్తుంది,” అని పెట్టేసింది.

అల్లుడికి అంతా అర్థమైపోయింది. ప్రెషర్ కుక్కర్! ఆవిడ పోటీ కూర వండుతోంది. రాత్రికి తన కోడి బెడిసికొట్టగానే, పోనీలెండి పాపం అంటూ ఆ కూర బయటికి తీస్తుందన్నమాట.

సాయంత్రం వస్తూనే చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి దూరాడు. సీలు చెక్కుచెదరలేదు. కుక్కరు గిన్నె వేడిగా ఉంది. వెల్లుల్లి, మిరియాలు, మీగడ కలిసి ముక్కుని పట్టి లాగుతున్నాయి. కానీ గట్టు మీద ప్రెషర్ కుక్కర్ తడితడిగా, బోర్లా పడి ఉంది.

“ఇదెందుకు తడిగా ఉంది అత్తయ్యా?”

“దుమ్ము పడితేనూ, కడిగాను బాబూ.”

ఫ్రిజ్ తెరిచాడు. అలమరలు తీశాడు. సింకు కింద టార్చ్ వేసి చూశాడు. పోటీ కూర ఆనవాలు దొరకలేదు. దొరక్కపోవడం ఇంకా అనుమానంగా ఉంది.

అందరూ బల్ల ముందు కూర్చున్నాక, సాక్షులందరికీ చూపించి మరీ సీలు కత్తిరించాడు. మూత తీయగానే ఆవిరి లేచింది. తెల్లటి చిక్కటి గ్రేవీలో కోడిముక్కలు గరిటె తగిలితే విడిపోయేలా ఉన్నాయి. మొదటి ముద్ద అత్తగారు నోట్లో పెట్టుకుంది. కొత్త డబ్బా పరువూ, అల్లుడి పరువూ ఆవిడ నాలుక చివర వేలాడుతున్నాయి.

ఆవిడ కళ్లు మూసుకుంది. నమిలింది. కళ్లు తెరిచి, పెద్ద నిట్టూర్పు విడిచింది.

“ఓడిపోయాను బాబూ. అమృతం!”

“నిజంగానా?” నమ్మలేకపోయాడు. “మొహమాటానికి కాదు కదా?”

“మొహమాటానికైతే ఒకసారి తింటాను, రెండోసారి వడ్డించుకుంటానా?” అని గరిటె అందుకుంది. భార్య వేళ్లు నాకింది. కూతురు రొట్టెముక్కతో పళ్లెం తుడిచేసింది. అల్లుడి ఛాతీ హైవోల్టేజీకి ఉబ్బిపోయింది.

“చూశారా? సీలు వేశాను కాబట్టే మీ ఆటలు సాగలేదు!” అంటూ కుక్కరు కట్టేయడానికి దర్జాగా లేచాడు. స్విచ్ మీద వేలు పెట్టాడు. అది ఆపే ఉంది.

“ఇదెవరు ఆపారు?”

“నువ్వే నాన్నా,” అంది కూతురు. “పొద్దున సీలు వేసేముందు.”

అతని మొహంలో ఫ్యూజ్ పోయింది. “మరి... సీలు?”

కూతురు తలలోంచి పిన్ను తీసి బల్ల మీద పెట్టింది. “బిస్కెట్ల డబ్బాకి తీసినట్టే. మళ్లీ నొక్కితే టక్‌మంటుంది.”

అల్లుడు తడారని ప్రెషర్ కుక్కర్ వైపు చూశాడు. అక్కణ్ణించి అత్తగారి వైపు చూశాడు.

ఆవిడ వంటింటి తాళాలగుత్తి బొడ్లోంచి తీసి అతని చేతిలో పెట్టి, చల్లగా అంది:

“ఓడిపోవడానికి ఈ రోజు నానా తంటాలూ పడ్డాను. రేపట్నుంచి మాత్రం స్విచ్ మీరే వేసుకోండి బాబూ!”