విదర్ అంటే ఎటు

"హిదర్ అంటే ఏంది మేడం?" అడిగాడు తేజేష్.

"ఇటు," అంది కామాక్షి.

"దిదర్?"

"అటు."

"విదర్?"

"ఎటు."

తేజేష్ తలూపాడు. ఊపింది ఆమెకి కాదు, ఆమె వెనక నిలబడ్డ గంగాధరరావుకి.

వెనక్కి తిరిగి చూడొద్దని ఆమెకి ముందే చెప్పారు. గది చల్లగా ఉంది. కింద ఉప్పల్ చౌరస్తాలో మోగుతున్న హారన్లు ఈ మూడో అంతస్తు దాకా రావడం లేదు. ఎదురుగా స్టూలు మీద తేజేష్ ఒక్కడే కనిపిస్తున్నాడు. వెనక గంగాధరరావుతో పాటు ఇంకెవరో ఉన్నారని అడుగుల చప్పుడు బట్టి తెలుస్తోంది. అడిగేది తేజేషే అయినా, ఎంతవరకు వెళ్లాలో, ఎక్కడ ఆపాలో తేల్చేది గంగాధరరావు.

నాచారం స్కూల్లో ఆమె ఇంగ్లీషు టీచరు. చిల్కానగర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే తేజేష్ ఆమె దగ్గరే చదువుకున్నాడు. ఒకసారి హిదర్ అంటే ఏమిటని ఆమె అడిగితే లేచి, హిందీలో "ఇధర్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. దిదర్ అంటే ఉధర్ అని, విదర్ అంటే కిధర్ అని వాడి చేతే చెప్పించింది. ఇటు, అటు, ఎటు అని మనకి మొదటి అక్షరం ఒక్కటే ఎలా మారుతుందో, ఆ పాతకాలపు ఇంగ్లీషు మాటల్లోనూ అంతేనని బోర్డు మీద రాసి చూపించింది. ఆ ఏడాది ఆ మాటలు మరిచిపోయిన పిల్లలు లేరు.

ఇప్పుడు మాట పరీక్షించడమే వాడి ఉద్యోగం. ఇవాళ వాడు అడుగుతున్నాడు. ఆమె చెప్పాలి.

ఇదంతా వేసవి సెలవుల ముందు మొదలైంది. పాఠం మధ్యలో ఆమెకి మాట ఆగిపోయేది. కిటికీ మూయమని చెప్పబోయి, మాట దొరక్క చెయ్యి చూపించేది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వెళ్లాయి. కొన్నాళ్లు సెలవు పెట్టమని స్కూలు వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఇవాళ గట్టెక్కితే మళ్లీ క్లాసుకి వెళ్లొచ్చు. గట్టెక్కకపోతే ఏమిటన్నది ఆమె గానీ, కింద ఎదురుచూస్తున్న ఆమె భర్త గిరిధర్ గానీ పైకి అనుకోలేదు.

తేజేష్ మొదట బొమ్మలు చూపించి అడుగుతానన్నాడు. ఆవు, కుర్చీ, గొడుగు. ఆమె ఒప్పుకోలేదు. ఆవుని ఆవు అన్నంత మాత్రాన తనకి ధైర్యం రాదంది. తన పాఠమే అడగమంది.

"హెన్స్?"

"ఇక్కడి నుంచి."

"దెన్స్?"

"అక్కడి నుంచి."

"వెన్స్?"

కామాక్షి నోరు తెరిచింది. మాట రాలేదు.

అర్థం తెలుసు. అక్కడే ఉంది. పట్టుకోబోతే జారిపోతోంది. ఎదురుగా ఉన్న కుర్రాణ్ని పిలుద్దామనుకుంది. వాడి పేరూ అందలేదు. మొహం మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె కళ్లలో భయం చూసి ఆ మొహం పాలిపోయింది.

తేజేష్ చటుక్కున చెయ్యెత్తాడు. "ఆగున్రి సార్."

వెనక కదలిక ఆగిపోయింది.

"ఎక్కడి నుంచి," అంది కామాక్షి. మాట దానంతటదే వచ్చేసింది, ఏమీ జరగనట్టు.

"అటు వద్దు. ఆ వైపు వదిలేద్దాం," అన్నారు గంగాధరరావు, వెనక ఉన్నవాళ్లతో.

మళ్లీ మొదలైంది. తేజేష్ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి అడిగాడు. కొన్నిటికి ఆమె వెంటనే చెప్పింది. కొన్నిటికి తడుముకుంది. తడుముకున్న ప్రతిసారీ వాడి చెయ్యి సగం దాకా లేచేది.

కొంతసేపటికి గంగాధరరావు గొంతు ఆమె చెవి దగ్గరగా వినిపించింది. చాలావరకు అయిపోయిందని, మిగిలిన కాస్తా కష్టమైన చోటని చెప్పారు. ముందుకి వెళితే ఇప్పటిదాకా నిలబెట్టుకున్నది కూడా పోవచ్చు. ఇక్కడితో ఆపేసినా తప్పులేదు. నిర్ణయం ఆమెదేనన్నారు.

"మస్తు చెప్పిన్రు మేడం," అన్నాడు తేజేష్ మెల్లగా. "ఆపుదామంటే ఆపుదాం. ఎవరేమనరు."

ఆమెకి బోర్డు గుర్తొచ్చింది. సుద్దముక్క పట్టుకుని, మాట రాక, పిల్లల వైపు వీపు పెట్టి నిలబడిపోయిన రోజు గుర్తొచ్చింది. ఇప్పుడు మిగిల్చి పెడితే ఎప్పటికైనా మళ్లీ ఈ గదికే రావాలి.

"మిగల్చొద్దు," అంది. "నువ్వు అడుగుతూనే ఉండు తేజేష్."

వాడు గొంతు సవరించుకున్నాడు.

"వేర్‌ఫోర్?"

ప్రతి ఏడూ సగం క్లాసు తప్పు చెప్పే మాట అది. ఆమె కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి.

"ఎక్క..." అంది.

తేజేష్ చెయ్యి లేచింది.

ఆమె కళ్లు మూసుకుంది. నుదుటి మీద నుంచి చెమట చుక్క ఒకటి కంటి పక్కగా జారింది. కళ్లు తెరిచి వాణ్నే చూసింది.

"ఎక్కడ కాదురా," అంది. "ఎందుకు."

తేజేష్ చెయ్యి దింపాడు. వాడి కళ్లు నిండాయి, తుడుచుకోలేదు.

"కణితి మొత్తం వచ్చేసింది," అంటూ డాక్టర్ గంగాధరరావు, ఆమె మెలకువగా మాట్లాడుతుండగానే అంతసేపూ తెరిచి ఉంచిన పుర్రెను మూసేందుకు ఎముక ముక్కను అందుకున్నారు.