కునుకు తీయనివ్వని మనిషి

"లే సిపాయీ! లెఫ్ట్, రైట్, లెఫ్ట్!"

ఆస్పత్రి వరండాలో కుర్చీలో తూగుతున్న ఆమె ఆ కేకకు ఉలిక్కిపడి లేచింది.

ఎవరో పెద్దాయన ఆమె భర్తను రెక్క పట్టుకుని అటూ ఇటూ నడిపిస్తున్నాడు.

అది మాజీ సైనికుల ఆస్పత్రి. మెదడు తరంగాలు చూసే మిషను అంతమందికీ ఒక్కటే. పేలుడులో తలకు దెబ్బ తగిలిన దగ్గర్నుంచి ఆమె భర్తకు ఉన్నట్టుండి మూర్ఛ వస్తోంది. ఎందుకో ఆ మిషనే చెప్పాలి. నెలల తరబడి పడిగాపులు కాస్తే ఇవాళ్టికి వంతు వచ్చింది.

షరతు ఒకటే. రాత్రంతా మేలుకుని రావాలి, తలకు వైర్లు తగిలించాకే నిద్రపోవాలి. ముందే కునుకు తీస్తే వంతు పోయినట్టే.

"వదలండి! ఆయన నిలబడలేకపోతున్నారు, కనబడట్లేదా?"

"కూర్చుంటే కళ్లు మూతలు పడుతున్నాయమ్మా."

"ఐదు నిమిషాలు పడుకుంటే కొంపలేం మునిగిపోవు!"

"మునుగుతాయమ్మా" అని పెద్దాయన ఆమె భర్త వైపు తిరిగాడు. "ఏం సిపాయీ, మీ ఆఫీసరుకు మీసం పెద్దదా, నోరు పెద్దదా?"

"నోరే!"

భర్త నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో! అయినా ఆమెకు ఒళ్లు మండింది.

పెద్దాయన అంతటితో ఊరుకుంటేనా! మొహాన చన్నీళ్లు కొట్టాడు. గొంతెత్తి పాట పాడించాడు. వరండా అంతా వీళ్లనే చూస్తోంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మీకు వేరే పనీపాటా లేదా? వెళ్లండిక్కణ్ణుంచి!"

ఆయన మాత్రం లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఆ రెక్క వదల్లేదు. గుమ్మం దాకా దిగబెట్టి, "ఇక హాయిగా నిద్రపో నాయనా" అని వెళ్లిపోయాడు.

చాలాసేపటికి పరీక్ష చేసే అమ్మాయి నవ్వుతూ బయటికి వచ్చింది.

"బాగా నిద్రపోయారండీ. మూర్ఛ ఎక్కడ మొదలవుతోందో డాక్టరుగారికి దొరికింది. ఇవాళే మందు మొదలుపెడతారట."

ఆమె ఏడ్చేసింది. తేరుకున్నాక అడిగింది.

"ఆ పెద్దాయన ఏ జబ్బుకు వస్తారు?"

"ఆయనకే జబ్బూ లేదండీ. పరీక్షలున్న ప్రతిరోజూ వస్తారు. తూగుతున్నవాళ్లను లేపుతారు, తిట్లు తింటారు, వెళ్తారు. ఆయన ఉండగా ఒక్కరి వంతూ పోలేదు."

ఆమె గేటు దాకా పరుగెత్తింది. ఎక్కడా లేడు. ఎంత మాట అనేశాను అనుకుంటూ వెనక్కి వచ్చింది.

"మాకోసం ఎందుకమ్మా ఆయనకింత తాపత్రయం?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"వాళ్లబ్బాయీ సిపాయేనండీ. వంతు వచ్చిన రోజు ముందే నిద్రపోయాడని వెనక్కి పంపేశాం. మళ్లీ వంతు వచ్చేలోగా మూర్ఛలోనే పోయాడు. ఆ రోజు, పాపం అలిసిపోయాడని కొడుకు తల ఒళ్లో పెట్టుకుని జోకొట్టింది ఆయనే."