బల్ల మీది పంపు

డెస్ తన పాత పికప్ బండికి కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ పీకేసి పాతకాలపు కార్బురేటర్ బిగించాడు. "ఈ ఎడారి దుమ్ములో కంప్యూటర్లు బతకవే గ్లెనిస్. ఇదైతే స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకోవచ్చు," అన్నాడు భార్యతో. మర్నాడు పొద్దున్నే గొడ్లను చూసొస్తానని అందులో వెళ్లాడు. చీకటి పడినా తిరిగి రాలేదు.

గ్లెనిస్ ఇంటి పక్క షెడ్డులో గడియ పెట్టుకుని రేడియో ముందు కూర్చుంది. "తెల్లారగానే విమానంలో వెతుకుదాం. నువ్వు మాత్రం ఇల్లు కదలకు," అంది అవతల నుంచి పక్క ఫారం బెవ్. తర్వాత అంతా నిశ్శబ్దం.

అప్పుడు బల్ల మీద జుయ్‌మని చిన్న చప్పుడు మోగి ఆగింది. డెస్ ఇంజెక్షన్‌తో పాటు పీకి పెట్టిన పెట్రోలు పంపు అది. బండికి ఉన్నన్నాళ్లూ తాళం తిప్పినప్పుడల్లా రెండు క్షణాలు అలాగే మోగేది. ఇప్పుడు దానికి ఒక్క వైరు కూడా లేదు.

మళ్లీ మోగింది. మళ్లీ. ఎక్కడో డెస్ తాళం తిప్పుతున్నాడు, బండి కదలడం లేదు.

"ఎక్కడున్నావు డెస్?" అని పంపునే అడిగింది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

చాలాసేపటికి వాకిట్లో లైట్లు పడ్డాయి. పికప్ ఆగింది. అడుగులు షెడ్డు తలుపు దాకా వచ్చాయి.

"గడియ పెట్టావేంటే? తియ్యి, ఆకలి చంపేస్తోంది."

డెస్ గొంతే. గ్లెనిస్ ఏడుస్తూ పరుగెత్తి గడియ పట్టుకుంది.

వెనకాల పంపు మోగింది. బ్యాటరీ అయిపోతున్నట్టు నీరసంగా మోగింది. దూరాన ఎవరో ఇంకా తాళం తిప్పుతూనే ఉన్నారు.

"తియ్యవే," అన్నాడు బయట, మెల్లగా.