గులాబీ మైనం

గులాబీ వాసన మైనం బిళ్లను గదికి వాసన పట్టించే చిన్న కరెంటు గిన్నెలో వేసి, అది కరగడానికి స్విచ్ నొక్కాడాయన.

"కొట్లో నిమ్మ, చందనం కూడా ఉన్నాయిగా బావా. ఏరి ఏరి ఇదే తెచ్చావేం?" అంది, పోయిన భార్య చెల్లెలు.

"మీ అక్కకి ప్రాణం. మంచాన పడ్డ ఆర్నెల్లూ గదిలో ఇదే పెట్టించుకుంది. ఆమాత్రం నాకు తెలీదా?"

"తెలిసి ఏడిచావులే. ఈ వాసనకి అక్కకి తల పగిలిపోయేది."

"మరెందుకు పెట్టించుకుంది?"

"పుండ్ల కంపుకి నువ్వు ముక్కు మూసుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాడివి. ఇది పెడితే ఆయన లోపలికొస్తారేమోనే, అనేది."

ఆయన గిన్నెలో బిళ్ల అంచులు కరిగి, మొత్తం నీరయ్యేదాకా చూశాడు.

"అయినా వెళ్లలేదు నేను," అన్నాడు.