ఇంజను ఆపిన బండి

"తప్పు నాదేనని ఒప్పుకోమంటారేటి? ఒప్పుకోను."

కోర్టు వరండాలో అందరికీ వినపడేలా అంది నూకరత్నం. ఎదురుగా నిలబడ్డ వకీలు గాభరాగా అటూ ఇటూ చూశాడు. ఆయన షావుకారు రమణమూర్తి తరఫు మనిషి. తొంభై ఎనిమిదిలో పెట్టిన కేసు ఇది. ఇన్నేళ్లలో షావుకారు ఒక్క వాయిదాకీ రాలేదు. ఎప్పుడూ ఈయన్నే పంపుతాడు.

"అరవకమ్మా, నీ మంచికే చెబుతున్నాను. చూసుకోకుండా రోడ్డు మధ్యకి వచ్చానని ఒక్క మాట చెప్పు చాలు. షావుకారుగారు ఎంతో కొంత చేతిలో పెడతారు. కేసు గెలిచేదెప్పుడు, నువ్వు తినేదెప్పుడు?"

"నాను రోడ్డు ఓరనే ఎల్తన్నాను బాబూ. నెత్తి మీద కట్టెల మోపుంది. ఎనకనించి ఒచ్చి గుద్దేసింది మీ షావుకారు మోటారుసైకిలు బండి."

ఈవిడతో లాభం లేదనుకుని వకీలు ఆమె మొగుడు బుధు వైపు తిరిగాడు. జి.మాడుగుల పైనున్న ఊరి నుంచి బస్సు దాకా ఆమెను వీపున మోసుకొచ్చింది బుధే. ఇప్పుడు చంటిపిల్లను భుజాన వేసుకుని జోకొడుతున్నాడు.

"ఏమయ్యా, కట్టుకున్నవాడివి. నువ్వైనా నచ్చజెప్పుకో."

"దాని కాలు, దాని మాట. నానేటి సెప్తాను?" అన్నాడు బుధు. లోపల పిలుపు రాగానే పెళ్లాం చేతికి కర్ర అందించి, "బెదిరిపోకు. గట్టిగా సెప్పు" అన్నాడు. పిల్ల ఏడుస్తుందని తను బయటే ఉండిపోయాడు.

ఆ కాలు మోకాలి దగ్గర ముక్కలైంది. అతికింది గానీ మడత పడదు. కొండ వాలులో కాఫీ పళ్లు కోయలేని మనిషి, చోడి చేలో వంగలేని మనిషి ఎలా బతుకుతుందో వకీలుగారికి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

షావుకారు జవాబు మరీ విడ్డూరం. బండి తనదేనట. ఎవరో దొంగ ఎత్తుకెళ్లాడట. ఆ దొంగ ఎవడో తనకు తెలియదట. బండి ఎత్తుకెళ్లినవాడు దానికి చింతపండు బస్తాలు కట్టి, తిన్నగా షావుకారు కొట్టుకే తోలుకొస్తాడా? ఈ ముక్క స్టేషన్లో ఎవరూ అడగలేదు. నూకరత్నాన్నయితే అసలేమీ అడగలేదు. గుర్తు తెలియని వ్యక్తి అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. నడిపింది షావుకారు మనిషేనని తేలితేనే ఆమెకు నష్టపరిహారం. తేలకపోతే కాలూ పోయె, కేసూ పోయె.

అందుకే ఆమె లాయరు సత్యకుమారి మరీ మరీ చెప్పింది, అడిగినదానికే జవాబు చెప్పమని. ముందే అన్నీ బయటపెడితే అవతలివాళ్లు సర్దుకుంటారని.

బోనులో కర్ర ఊతంగా నిలబడింది నూకరత్నం.

"బండి చప్పుడు వినపడలేదా నీకు?" అడిగాడు షావుకారు వకీలు.

"నేదు. దిగుడులో ఇంజను ఆపేసి ఒచ్చాడు. పెట్రోలు మిగుల్తాదని ఆపమన్నది షావుకారే. ఆ బండికి హారన్ మోగదు, బ్రేకు సరిగా పడదు. బాగు సేయించమంటే సేయించనేదు."

"అంటే నడిపినవాడి తప్పేం లేదంటావు?"

"ఎందుకు నేదు?" నూకరత్నం గొంతు పెంచింది. "కళ్లుండీ రోడ్డు సూడనేదు ఆ ఎదవ. బస్తా జారిపోతందని ఎనక్కి సూసుకుంటా ఒచ్చాడు. ఆడి తప్పు ఆడిదే, షావుకారు తప్పు షావుకారుదే. అప్పట్లో ఆడు ఆయన కొట్లోనే జీతగాడు."

"ఇంజను ఆపమన్నాడని, జీతగాడని, ఇవన్నీ నీకెలా తెలుసు?"

"ఆడే సెప్పాడు."

వకీలు నవ్వాడు. "ఎప్పుడో?"

"సానాసార్లు."

"అయితే వాడు నీకు బాగా తెలిసినవాడే. మీ కొండల్లో పెద్దలు కూర్చుని తప్పు వేస్తారట కదా. వాడికీ వేశారా?"

"ఏశారు."

"ఎంత?"

"డబ్బు కాదు. కాలు ఇరిసినోడు ఆ కాలు సేసే పని సెయ్యాల. నీళ్లు మొయ్యాల, కట్టెలు తేవాల, సేను సూడాల. నాను మునపట్లా నడిసేదాకా."

"చేశాడా?"

"ఇంకా సేత్తన్నాడు."

వకీలు జడ్జిగారి వైపు చేతులు చాపాడు. "చిత్తగించండి. ఊళ్లో తగువు ఎప్పుడో తీరిపోయింది. అక్కడ పుచ్చుకున్నది చాలక ఈవిడ మళ్లీ కోర్టుకెక్కింది."

"ఊరు ఆడి తప్పుకేసింది బాబూ," అంది నూకరత్నం. "షావుకారు మా ఊరి మాట ఇంటాడా? ఆయన తప్పుకి ఎవులేత్తారు? అందుకే ఈ కాలు ఈడ్సుకుని ఇక్కడికొచ్చాను. ఎన్నిసార్లు పిలిసినా ఒత్తాను."

జడ్జిగారు కలం పక్కన పెట్టి ఆమెనే చూస్తున్నారు. వకీలుకి ఒళ్లు మండింది.

"అంతా కట్టుకథండీ. అలాంటి జీతగాడే ఉంటే వచ్చి సాక్ష్యం చెప్పమనండి. పనులు చేసిపెడుతున్నాడట, ఏడీ? చూపించమనండి."

"చూపించగలవా అమ్మా?" అడిగారు జడ్జిగారు.

"సూపిత్తాను" అని నూకరత్నం కర్ర ఎత్తి, గుమ్మం బయట పిల్లను జోకొడుతున్న మొగుణ్ణి చూపించింది.